సుభానీ మాస్టారు విన్నారా?

మాస్టారు "విన్నాను" అన్నారు, నాకు మాత్రం సంతోషం కలగలేదు.

ఆ మాట కోసం ఆయన దగ్గర చేరినప్పట్నుంచీ ఎదురుచూస్తున్నాను. చీరాలలో టింబర్ డిపో వెనక మా షాపు. సుభానీ మాస్టారు ఒకప్పుడు ఆర్కెస్ట్రాల్లో బేస్ గిటారు వాయించేవారు. ఇప్పుడు పనస చెక్కతో ఆ గిటార్లే చేస్తున్నారు. గిటారు పూర్తయ్యాక ఆయనే చేతిలోకి తీసుకుని, అన్నిట్లోకీ లావు తీగని మీటుతారు. ఆ మోత పూర్తిగా ఆగిపోయేదాకా కళ్ళు మూసుకుని ఉంటారు. తర్వాత "విన్నాను" అంటారు. అంతే. ఆయన ఆ మాట అననిదే ఎవరూ గిటారు తీసుకెళ్ళరు.

ఈసారి చెక్కపని మాస్టారిది, పికప్‌లు నావి. తీగల కింద ఉండే చిన్న డబ్బాలు అవి. తీగ ఊగితే ఆ ఊపుని కరెంటుగా మార్చి, మోత పెంచే పెట్టెకి, అంటే ఆంప్‌కి పంపేది అవే. లోపల అయస్కాంతం, చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగ. గట్టిగా లాగితే తెగుతుంది, వదులుగా వదిలితే చిక్కుపడుతుంది. ఇంజనీరింగ్ అయ్యాక నేను మొదట్నుంచి చివరిదాకా సొంతంగా చేసిన పని ఇదొక్కటే.

గిటారు ఆషేరుది. వేటపాలెం చర్చిలో వాయిస్తాడు. పని మధ్యలో ఒకసారి చూసిపోదామని వచ్చాడు.

"అక్కా, ఇది నువ్వే చుట్టావంటగా. షాక్ కొట్టదు కదా?"

"కొడితే మంచిదేలే. అప్పుడన్నా తాళంలో ఉంటావు."

పడీపడీ నవ్వాడు. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి తిరిగాడు. "మాస్టారు వింటారుగా?"

"వినకుండా ఎట్లా ఇస్తాం రా?"

గిటారు పూర్తయిన రోజు మాస్టారు తీగ మీటారు. ముందువైపు పికప్ ఒక్కటే పెట్టి విన్నారు, బాగుంది. వెనకది ఒక్కటే పెట్టారు, బాగుంది. తర్వాత రెండూ కలిసి మోగేలా రెండింటి నాబులూ పూర్తిగా తిప్పారు. మోత సన్నబడిపోయింది. అడుగున ఉండాల్సిన బరువు లేదు. పక్కింట్లో ఎవరో రేడియో పెట్టుకున్నట్టుంది. విడివిడిగా అంత బాగున్నవి, కలిసేసరికి ఒకదాన్నొకటి మింగేస్తున్నాయి.

మాస్టారు కళ్ళు మూసుకుని చివరిదాకా ఆగారు.

"విన్నాను. బాగా చుట్టావమ్మాయ్. ఆషేరుకి ఫోన్ చెయ్."

ఆంప్ ఆపేసి ఆయన నమాజుకి వెళ్ళిపోయారు. నేను గిటారు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను.

తప్పెక్కడో నాకు వెంటనే తెలిసింది. రెండో పికప్‌కి తీగని ఎదురు తిప్పి చుట్టాలి. దాని అయస్కాంతాన్ని కూడా తిరగేసి పెట్టాలి. చుట్టడం సరిగ్గానే చుట్టాను. అయస్కాంతం తిరగేయడం మర్చిపోయాను. దాన్ని ఊడదీసి మళ్ళీ అంటిస్తే సరిపోతుంది, పెద్ద పనేం కాదు. కానీ పక్కన నిలబడ్డ నాకు వినపడింది, వాయించిన ఆయనకి ఎందుకు వినపడలేదు?

నన్ను పరీక్షిస్తున్నారేమో అనుకున్నాను. అనుకుంటుంటే ఒక్కోటీ గుర్తొచ్చింది. టీ కొట్టు మస్తాన్ ఎప్పుడూ ఆయన భుజం తట్టే గ్లాసు అందిస్తాడు. ఆయన నాతో మాట్లాడేటప్పుడు నా నోటికేసి చూస్తారు. డిపోలో రంపం మిషను మొదలైతే నేను ఉలిక్కిపడతాను, ఆయన పడరు. ఇన్నాళ్ళూ అదంతా పెద్దరికం అనుకున్నాను.

అమ్మ ఫోన్ చేస్తే "మాస్టారు బాగుందన్నారు" అని చెప్పాను. అందులో అబద్ధం లేదు. అమ్మ ఎంత సంతోషపడిందో. ఫోన్ పెట్టేశాక, ఆ సంతోషం ఎవరి దగ్గర్నుంచో ఎత్తుకొచ్చినట్టు అనిపించింది.

పొద్దున్నే షాపుకెళ్ళి ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"మాస్టారూ, రెండూ కలిపి ఇంకోసారి వింటారా?"

"నిన్న విన్నాగా."

"నాకు సన్నగా వినపడింది మాస్టారూ."

ఆయన చేతిలో ఉలి ఆగింది. కసురుకుంటారనుకున్నాను. గిటారు తీసి నా ఒళ్ళో పెట్టారు. కేబుల్ ఊడబెరికారు. ఇక ఆంప్‌కి ఏ మోతా చేరదు.

"వాయించు."

లావు తీగ మీటాను. కేబుల్ లేని బేస్ గిటారు ఎంత వినపడుతుంది? గోడ అవతల ఎవరో నిద్రలో మూలిగినంత. మాస్టారు వంగి, గిటారుకి కొమ్ములా పొడుచుకొచ్చిన అంచు మీద గడ్డం ఆనించారు. తెల్ల గడ్డం, పనస చెక్క పసుపు. చెక్కలో వణుకు పూర్తిగా చచ్చిపోయేదాకా ఆనించే ఉంచారు. నేను మోత ఆగిపోయిందనుకున్నాక కూడా చాలాసేపు ఆయన కదల్లేదు.

తర్వాత లేచి చెక్కని అరచేత్తో నిమిరారు.

"ఇది నేను విన్నాను."

కింద పడున్న కేబుల్ కొస తీసి నా అరచేతిలో పెట్టారు. నా వేళ్ళు మూశారు.

"ఇది నువ్వు విను."

అడిగాను. "ఎప్పట్నుంచి మాస్టారూ?"

ఆయన నా పెదాలకేసే చూస్తున్నారు. "నువ్వు రాక ముందు నుంచే."

మళ్ళీ ఉలి అందుకున్నారు.

నేను అయస్కాంతం ఊడదీశాను. పక్కనున్న సోల్డరింగ్ ఐరన్ అంచు వేలికి తగిలింది. తిరగేసి అంటించాను. కేబుల్ పెట్టి, రెండు నాబులూ పూర్తిగా తిప్పి మీటాను.

వచ్చింది. బల్ల మీద మేకులు సన్నగా గలగలలాడాయి. టీ గ్లాసులో అడుగున మిగిలిన టీ మీద చిన్న ముడత లేచింది. అంత బరువైన, అంత గుండ్రటి మోత నా చేతుల్లోంచి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

మాస్టారు నాకు వీపు పెట్టి చెక్క చెక్కుతున్నారు. తిరగలేదు. మొత్తం షాపులో దాన్ని విన్నది నేనొక్కదాన్నే.

భుజం తట్టి పిలుద్దామనుకున్నాను. పిలిచి ఏం చూపించాలి?

అప్పట్నుంచి ఒకటే ఆలోచన. నన్ను చేర్చుకున్న రోజు ఆయన డిగ్రీ గురించి అడగలేదు. సోల్డరింగ్ వచ్చా అని అడగలేదు. ఒక తీగ మీటి, "ఎంతసేపు వినపడింది?" అని అడిగారు. ఆయనకి కావలసింది నా చేతులా, నా చెవులా? ఆ ప్రశ్న నేను అడగను. జవాబు ఏదైనా రేపు షాపుకి వెళ్తాను కాబట్టి.

ఆషేరుకి ఫోన్ చేశాను, రేపు వస్తున్నాడు. వాడితో పాటు చర్చి బ్యాండు వాళ్ళంతా వస్తున్నారట, ఇంకో ఇద్దరికి గిటార్లు కావాలట. షట్టర్ దించేటప్పుడు మాస్టారు, "ఆషేరు అడిగితే నువ్వే చెప్పు" అన్నారు.

"ఏం చెప్పమంటారు మాస్టారూ?"

నేను వెనక నుంచి అడిగాను. ఆయన తాళం వేసుకుని నడుచుకుంటూ వెళ్ళిపోయారు.

ఇది చదువుతున్నవాళ్ళలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. రేపు అందరి ముందూ ఆషేరు అడుగుతాడు. అడక్కుండా ఉండడు. "అక్కా, మాస్టారు విన్నారా?"

విన్నారు అంటే ఆ చెక్క వరకు నిజం. నేను విన్నాను అంటే అదీ నిజమే. కానీ ఆయనకి వినపడదన్న నిజం గుమ్మం దాటాక మాస్టారి దగ్గరికి మళ్ళీ ఎవరన్నా వస్తారా?

మీరైతే ఏం చెప్తారు?