బండి మీద వచ్చిన పడవ

గవ్వలదీవిని ఏలే సోమభూపతికి ఆ ఏడు పడవ పిచ్చి పట్టింది. అంతకు ముందు ఏడు పావురాల పిచ్చి. అది వదిలేసరికి కోటగోడల రంగే మారిపోయింది. అందుకని పడవ అనగానే సభలో అందరూ హమ్మయ్య అనుకున్నారు.

కొత్త పడవ కట్టాలంటే రెండేళ్ళు పడుతుంది. రాజుగారికి రెండు రోజుల ఓపిక కూడా లేదు. ఈ సంగతి ఎలా తెలిసిందో ఏమో, ధనగుప్తుడనే పొరుగూరి వర్తకుడు ఒక పాత విహారనౌకను తెచ్చి కోట ముందు దింపాడు. ముందు హంస మెడ, లోపల పట్టు పరుపులు, ఒళ్ళంతా తళతళలాడే తెల్లరంగు. ఎనిమిది జతల ఎద్దులు లాగే బండి మీద తెచ్చి, మనిషెత్తు దుంగల మీద నిలబెట్టాడు.

“ఒకే ఒక్క రాజుగారు వాడారు ప్రభూ. అదీ పండగలకి మాత్రమే,” అన్నాడు.

పరీక్షించి చెప్పడానికి ఆస్థాన పండితుడు సారంగాచార్యులు వచ్చాడు. ఈయన పడవల మీద నాలుగొందల శ్లోకాలు రాశాడు. ఎక్కితే కళ్ళు తిరుగుతాయని ఒక్క పడవా ఎక్కలేదు. ఆ ఉదయమే వర్తకుడు కప్పిన తెల్లటి పట్టుశాలువా మాటిమాటికీ సర్దుకుంటూ పడవ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

“హంస మెడ పొడవు శాస్త్రోక్తంగా ఉంది. ఇది మునగడం అసంభవం!”

రాజుగారు పొంగిపోయారు. “అయితే రేపు పొద్దున్నే రాణినీ పిల్లలిద్దర్నీ ఎక్కించుకుని సముద్రంలోకి వెళ్తున్నాం. నూకయ్యా, తాంబూలం పెట్టె పట్టుకుని నువ్వూ రావాలి.”

నూకయ్య రాజుగారికి తమలపాకులు చుట్టి అందించే కొలువులో ఉన్నాడు. తండ్రి పడవలు కట్టే వడ్రంగి. అయినా నూకయ్యకి ఈత రాదు. మా నాన్న కట్టేవాడే గానీ ఎక్కేవాడు కాదు అని చెప్పుకునేవాడు. రాజుగారి మాట వినగానే చుడుతున్న ఆకు పక్కన పెట్టేశాడు. రాజుగారి పిల్లల్లో చిన్నదానికి ఇంకా నాలుగేళ్ళు నిండలేదు.

నెమ్మదిగా వెళ్ళి పడవ అడుగున వేలి కణుపులతో కొట్టాడు. మంచి కర్ర ఖంగుమంటుంది. ఇది నానిన అట్టలా దబ్‌మంది.

“అయ్యో, రంగు పోతుంది!” అని వర్తకుడు పరిగెత్తుకొచ్చాడు.

“నా నాలుగొందల శ్లోకాల్లో పడవని తట్టి చూడమని ఒక్కచోటా లేదు,” అని ఆచార్యులు కసిరాడు.

నూకయ్య చేతులు కట్టుకుని అడిగాడు. “ప్రభూ, నాకొక్క సందేహం. సముద్రం ఇంత దగ్గర్లో ఉండగా, పడవ బండి మీద ఎందుకొచ్చిందండీ?”

సభ అంతా వర్తకుడి వైపు తిరిగింది. అతను నోరు తెరిచేలోగా ఆచార్యులే అందుకున్నాడు. “రాజు ఎక్కక ముందు రాజనౌకకి ఉప్పునీరు తగలకూడదు, మూర్ఖుడా!”

అలాంటి నియమం ఆ క్షణంలోనే పుట్టిందని నా అనుమానం. రాజుగారు మాత్రం తలూపారు.

“నూకయ్యా, పడవ మీద గీత పడకుండా తప్పు చూపించు. లేకపోతే రేపు అందరికన్నా అడుగున, చీకటి అరలో కూర్చుని ఆకులు చుట్టు.”

నూకయ్య పడవకి రెండడుగులు దూరం జరిగాడు.

“నేనసలు ముట్టుకోను ప్రభూ. కానీ మన దీవిలో గంగమ్మకి పసుపునీళ్ళు పొయ్యకుండా ఏ పడవా నీళ్ళలోకి దిగదు. అదైనా చెయ్యనివ్వండి.”

ఏ రాజు వద్దంటాడు? గంగమ్మతో పేచీ పెట్టుకునే ధైర్యం సోమభూపతికి లేదు.

“బయట నాలుగు చుక్కలు చల్లితే చాలు కదా?” అన్నాడు వర్తకుడు.

“మా గంగమ్మ చుక్కలకి లొంగే తల్లి కాదండీ. ఆవిడ పడవ కడుపులో కూర్చుంటుంది. కడుపు నిండాలి, అదీ వేడివేడి నీళ్ళతో.”

వంటశాలలో గంగాళాలకి గంగాళాలు పసుపునీళ్ళు కాగాయి. భటులు నిచ్చెన వేసి, పరుపులు తీసి, వేడివేడిగా కుమ్మరించడం మొదలుపెట్టారు. మిట్టమధ్యాహ్నం. ఆచార్యులకి చెమటలు కారుతున్నాయి.

“అయ్యవారూ, తమరు ఎండలో ఎందుకండీ? మునగని పడవ నీడ కన్నా చల్లటి చోటు ఏముంది!” అంటూ నూకయ్య పడవ కిందే పీట వేయించాడు. ఆచార్యులు దర్జాగా కూర్చుని, గంగమ్మ మీద శ్లోకం ఎత్తుకున్నాడు.

ఇరవయ్యో గంగాళం దాకా ఏమీ కాలేదు. నూకయ్యకి చీకటి అర కళ్ళ ముందు కనబడింది.

ఇరవై ఒకటో గంగాళానికి తెల్లరంగు మీద సన్నటి పసుపు గీత ఒకటి తేలింది. పక్కనే ఇంకొకటి. పలకల సందుల్లో కూరిన మైనం వేడికి కరిగి, జిగురుగా కిందికి జారింది. ఆ వెనకే నీళ్ళు దూకాయి. పురుగు తొలిచిన పలక ఒకటి పెళ్ళున విరిగి, పడవ కడుపులో అప్పటికి గోరువెచ్చబడ్డ నీళ్ళన్నీ ఒక్కసారిగా ఆచార్యుల నెత్తిన పడ్డాయి.

శ్లోకం సగంలో ఆగిపోయింది. శాలువా, పిలక, మీసాలు అన్నీ పసుపు. మంగళస్నానం చేయించిన పెళ్ళికొడుకులా నిలబడి ఆచార్యులు గావుకేక పెట్టాడు.

“ఇదేమిటిరా నూకయ్యా!”

“అభిషేకం లోపల చేశాం ఆచార్యులవారూ. తీర్థం మీ దాకా వచ్చింది.”

రాజుగారికి నవ్వు తన్నుకొచ్చింది. కానీ విరిగిన పలక చూడగానే పిల్లలు గుర్తొచ్చి ముఖం పాలిపోయింది. వర్తకుడి వైపు తిరిగారు.

“ధనగుప్తా, నీ పడవ నీకే ఇస్తున్నాం. ఇప్పుడే ఎక్కి సముద్రం మీదుగా ఇంటికి వెళ్ళు.”

వర్తకుడు దబ్బున కాళ్ళ మీద పడ్డాడు. “మహాప్రభో, బండి మీదే పోతాను! బండి కూడా వద్దు, నడిచి పోతాను!”

ఈసారి రాజుగారితో పాటు ఎద్దులు తోలేవాళ్ళు కూడా పగలబడి నవ్వారు. సోమభూపతి తన మెడలో ముత్యాలహారం తీసి నూకయ్య మెడలో వేసి, “ఇంకేం కావాలో కోరుకో,” అన్నారు.

నూకయ్య వంగి దణ్ణం పెట్టాడు.

“మళ్ళీ పావురాలు పెంచండి ప్రభూ. గోడలు నేనే కడుగుతాను.”