ఎర్రయ్యమ్మ మేకు

కూర్మారావు మాస్టారికి ఒక అలవాటు. ఇసుకలో ఏం దొరికినా, తవ్విన గుంట పూడ్చందే చేతిలోది ఏమిటో చూసేవారు కాదు. లైట్‌హౌస్ ఉద్యోగం నుంచి రిటైరైన నాటి నుంచీ మెటల్ డిటెక్టర్ భుజాన వేసుకుని, ఎప్పుడో మునిగిన ఓడల నాణేల కోసం కళింగపట్నం తీరమంతా తిరిగేవారు. దొరికినవన్నీ తహసీల్దారుకు అప్పగించి రసీదు తెచ్చుకునేవారు. పిచ్చి మారాజు, ఆయన కూడబెట్టిందల్లా ఆ రసీదులే.

హేమసుందర్ అనే బ్యాంకు ఉద్యోగి తనూ అలాంటి మిషనే ఒకటి కొనుక్కుని, ఆదివారాలు వచ్చి ఆయన దగ్గర ఈ విద్య నేర్చుకునేవాడు. ఒకనాడు అడిగాడు: "మాస్టారూ, భూమిలో సవాలక్ష ఉంటాయి. ఏది తవ్వాలో, ఏది వదలాలో ఎలా తెలుస్తుంది?"

మాస్టారు తీరం వెంట తమవైపే వస్తున్న ముసలామెను చూపించి, "ముందు ఎర్రయ్యమ్మ పని చేసిపెట్టు" అన్నారు.

ఎర్రయ్యమ్మ పెనిమిటి పోయి ఆరేళ్ళు. ఆయన చేతులతో చేసిన నావ మొన్నటి తుఫానుకు ముక్కలై ఇసుకలో కూరుకుపోయింది. కొడుకు కోసం కొత్త నావ కట్టిస్తోంది. కొత్త నావకు మొదట కొట్టేది పాత నావ మేకే కావాలని వాళ్ళింటి ఆనవాయితీ. ముహూర్తం మర్నాడే.

"మాయన కొట్టిన మేకు ఒక్కటి తీసిపెట్టు బాబూ. అది నేకపోతే నా కొడుకుని ఆ నావెక్కనివ్వను" అందామె.

మేకు కోసం మిషనా అని హేమసుందర్‌కు నవ్వొచ్చింది. అయినా పెద్దావిడ మాట కాదనలేక, మధ్యాహ్నం దాకా ఆమె చూపించిన చోటల్లా వెతికాడు. మిషను కిక్కురుమనలేదు.

"ఏమీ లేదమ్మా, సముద్రం లాక్కుపోయినట్టుంది."

ఆమె అక్కడే చతికిలబడింది. "అయితే ఆడికింక నావ నేదు" అంది. ఏడవలేదు. ఈ సంగతి నాకు చెబుతూ, ఇన్నేళ్ళ తర్వాత కూడా హేమసుందర్ తల దించుకున్నాడు.

అప్పుడు మాస్టారు లేచి వచ్చి మిషను మీద ఒక మీట వెనక్కి తిప్పారు. ఇనుము తగిలితే మోగవద్దని మిషనుకు చెప్పే మీట అది. తుప్పు మేకుల కోసం ఎవరు తవ్వి చస్తారని నాణేలు వెతికేవాళ్ళు దాన్ని మొదటిరోజే బిగించేస్తారు. హేమసుందర్ కూడా కొన్ననాడే బిగించి, ఆ సంగతే మరిచిపోయాడు. ఇప్పుడు అడుగడుక్కీ మోతే. ఎవరెవరి నావలవో, పొద్దువాలేసరికి తట్టెడు మేకులు తీశారిద్దరూ.

ఎర్రయ్యమ్మ ఒక్కొక్కటే తడిమి పక్కన పెడుతూ, నడుం వంగిన మేకు ఒకటి చేతికి రాగానే ఆగిపోయింది.

"ఇదే! మహానుబావుడు ఏ మేకూ తిన్నగా కొట్టి ఎరగడు. ఏటిలా వొంకరంటే, నిన్ను సూస్తా కొట్టీసినానే అనీవోడు!" నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, దాన్ని కొంగున ముడి వేసుకుని వెళ్ళిపోయింది.

హేమసుందర్‌కు మిషను మీద ఒళ్ళు మండింది. "పొద్దున ఇదే చోట నాలుగుసార్లు తిప్పాను మాస్టారూ. దీనికేం రోగం?"

మాస్టారు అతని భుజం మీద చెయ్యి వేశారు. "దాన్నేమీ అనకురా. నువ్వు వద్దన్నావు, అది ఊరుకుంది."