వేలితో చూపించు

ఆ పొద్దున సబిత హాస్టల్ మెట్లు వెనక్కి తిరిగి దిగింది. ముందుకు దిగుదామంటే తొడలు ఒప్పుకోలేదు. రెయిలింగు రెండు చేతులా పట్టుకుని, ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ, నిచ్చెన దిగే మనిషిలా దిగింది. నల్లా దగ్గర నీళ్లు పట్టుకుంటున్న అమ్మాయిలు పడీపడీ నవ్వారు.

"నవ్వుండ్రి. రేపు బార్డర్ల మీకోసం నిలబడేది ఈ కాళ్లే" అంది సబిత.

అనడానికి బాగానే ఉంది. తన బకెట్ ఎత్తుకోవడానికి మాత్రం వంగలేకపోయింది.

మిలిటరీలో చేరాలని ఆమె పట్టు. రాబోయే భర్తీ ర్యాలీయే ఆమెకు ఆఖరిది, అది తప్పితే వయసు దాటిపోతుంది. చదువులో ఢోకా లేదు, గట్టెక్కాల్సింది ఒళ్లే. అందుకని బస్టాండు వెనక ఉన్న తాలీంలో చేరింది. తాలీం అంటే అద్దాలూ మిషన్లూ ఉన్న జిమ్ము కాదు. పైన రేకులు, మధ్యలో కుస్తీ పట్టడానికి మెత్తటి ఎర్రమట్టి గుంత, గోడకు కొయ్యలు, మూలన నీళ్ల కుండ. దాన్ని నడిపేది ఖాసిం ఉస్తాద్.

ఆడపిల్ల అందులో అడుగుపెట్టడం అదే మొదలు. అందరికంటే సీనియర్ అయిన నర్సింగ్ మొదటిరోజే అడ్డం నిలబడ్డాడు.

"ఈ మట్టి మీద ఆడోళ్లు కాలు పెట్టరు."

"మట్టి చెప్పిందా నీకు?" అంది సబిత.

కాలేజీ వాదనల పోటీల్లో ఎంతమందికో చెమటలు పట్టించిన నోరు అది. అంతటితో ఆగితే బాగుండేది. ఆగలేదు. "ఆడపిల్లనని ఒక్క బస్కీ తగ్గించినా ఊకోను. మీరు ఎన్నిసార్లు కూసోని లేస్తే నేనూ అన్నిసార్లు లేస్త" అనేసింది. నర్సింగ్‌కు కావలసిందీ అదే. ఆ మాటను పట్టుకుని వదల్లేదు.

ఉస్తాద్ మాత్రం ఎటూ మాట్లాడలేదు. ఆమె చేతిలో పార పెట్టి, మట్టి తిప్పమన్నాడు. కొత్తగా వచ్చిన ఎవరైనా ఆ తాలీంలో ముందు చేసేది ఆ పనే. అంటే ఆమె చేరినట్టే.

మాటకు కట్టుబడి సబిత బస్కీలు తీసింది. దాని ఫలితమే ఈ మెట్లు.

ఇప్పుడేం చేయాలి? గదిలో ఉండే అమ్మాయి, "పిచ్చా నీకు, పుండు మీద కారం చల్లుకుంటరా ఎవరన్న? దుప్పటి కప్పుకొని పండుకో" అంది. నర్సింగ్‌ను అడిగితే, "నొప్పిని నొప్పితోనే తియ్యాలె. నిన్నటికి రెండింతలు కొట్టు. మిలిటరీల కాళ్లు నొస్తున్నయంటే జోలపాట పాడుతరా?" అన్నాడు. విచిత్రం ఏమిటంటే రెండూ సరైనవిగానే కనిపించాయి. ఏ విషయం మీదైనా రెండు వైపులా వాదించగల పిల్ల, తన రెండు కాళ్ల సంగతి తేల్చుకోలేకపోయింది.

కుంటుకుంటూ తాలీంకు పోయేసరికి ఉస్తాద్ గుంత అంచున గొంతుకూర్చుని మట్టిలో మజ్జిగ చిలకరిస్తున్నాడు. పక్కన మట్టిలో కలిపే పసుపు, వేపాకు ఉన్నాయి.

"ఉస్తాద్, ఒళ్లు నొప్పులున్నప్పుడు కసరత్తు చెయ్యాల్నా, ఆపాల్నా? ఏదో ఒక్కటి చెప్పుండ్రి."

ఆయన తలెత్తలేదు. "ఏడ నొస్తుంది బేటీ?"

"కాళ్లు."

"వేలితో చూపించు."

సబిత తొడ మీద చెయ్యి వేసింది.

"అది అరచెయ్యి."

సరేనని చూపుడువేలు తీసింది. మోకాలి పైన పెట్టింది. కాదు, ఇంకాస్త పైన. పక్కన కూడా. వెనక్కి పోతే పిక్క దాకా. బారు తప్పిన చీమలా వేలు కాలంతా తిరిగింది గాని ఒక్కచోట నిలవలేదు.

"అంతటా నొస్తుంది ఉస్తాద్."

"మంచిది. పోయి మట్టి తిప్పు."

"నేనడిగింది..."

"పార గోడకున్నది."

సబితకు ఒళ్లు మండింది. ప్రశ్న అడిగితే పని చెప్పే పెద్దమనుషులను ఆమె చాలామందినే చూసింది. ఆ కోపమంతా పార మీద చూపించింది. నిన్నటి కుస్తీ పట్లకు అణిగిపోయిన మట్టి రాయిలా ఉంది. మొదటి వేటుకే తొడలు కేక పెట్టాయి.

"కొట్టకు. తిప్పు" అన్నాడు ఉస్తాద్ వెనకనుంచి.

నెమ్మదిగా తిప్పింది. పెళ్ల వచ్చినచోట కూర్చుని వేళ్లతో చిదిపింది. లేచి ఇంకో పక్కకు జరిగింది. మజ్జిగ, పసుపు కలిసిన తడిమట్టి వాసన ముక్కుకు తగులుతుంటే కోపం ఎప్పుడు జారిపోయిందో తెలియలేదు. ఒకచోట చిన్న రాయి కనిపించింది. కూర్చుని తీసి బయటికి విసిరి, లేచింది.

లేచి, అలాగే నిలబడిపోయింది.

పొద్దున బకెట్‌కే వంగని కాళ్లు ఇప్పుడెలా కూర్చున్నాయి? ఎలా లేచాయి? చూద్దామని మళ్లీ కూర్చుంది. మళ్లీ లేచింది. నొప్పి ఉంది, పోలేదు. కిక్కిరిసిన బస్సులో సీటు మీద కొంచెం జరిగి చోటిచ్చిన మనిషిలా ఉంది, అంతే.

ఉస్తాద్ సాసర్లో చాయ్ పోసుకుని ఊదుకుంటున్నాడు.

"నొప్పి ఏడికి పోయింది ఉస్తాద్?"

"నన్నడుగుతవేంది? అది నీ దగ్గర ఉండె."

"అంటే నొప్పులున్నా చెయ్యాలె. రూలు ఇదేనా?"

ఆయన చాయ్ జుర్రుకున్నాడు. "నొప్పిని వేలితో చూపించగలిగిన రోజు రా. ఆ రోజు మాట్లాడుదాం."

ఇక ఆ మాట సబిత బుర్రలో తేనెటీగలా తిరిగింది. అదేం పరీక్ష? కనిపించిన వాళ్లనల్లా అడగడం మొదలుపెట్టింది. నడుము నొప్పన్న వార్డెన్‌ను, భుజం లాగుతోందన్న చాయ్ హోటలాయనను, కొత్తగా కుస్తీకి వచ్చిన కుర్రాళ్లను ఆపి, "ఏడ? వేలితో చూపించుండ్రి" అంది. దాదాపు అందరూ అరచేతితో రుద్దుకున్నవాళ్లే. వార్డెనైతే రెండు చేతులూ పెట్టింది.

నర్సింగ్‌నూ అడిగింది.

"నాకేం నొప్పులున్నయ్? నేనేమన్న కాలేజీ పిల్లనా?"

"మరి మోకాలికి ఆ పట్టీ ఎందుకన్నా?"

అతని కుడి మోకాలికి ఎప్పుడూ ఒక ఎలాస్టిక్ పట్టీ ఉంటుంది. ఒకప్పుడు నల్లగా ఉండేదేమో, ఇప్పుడు బూడిదరంగుకు వచ్చింది. అది తీసి ఉండగా చూసినవాళ్లు లేరు.

"స్టయిలు" అన్నాడు నర్సింగ్. అని, చూపు తిప్పేసుకున్నాడు.

అతనూ ఒకప్పుడు ర్యాలీకి పోయి భర్తీ కాకుండా తిరిగొచ్చినవాడేనని తాలీంలో అందరికీ తెలుసు. ఎందుకు తిరిగొచ్చాడన్నది ఎవరూ ఎత్తరు. సబిత నోటికి అడ్డూ ఆపూ లేదు గాని, ఆ ముఖం చూశాక ఆమె కూడా ఎత్తలేదు.

రోజులు గడిచాయి. నొప్పులు వచ్చేవి. మట్టి తిప్పితే సర్దుకునేవి. మెట్లు ముందుకే దిగడం వచ్చింది, తర్వాత పరుగెత్తి దిగడమూ వచ్చింది. కాలువ వంతెన దాకా తారురోడ్డు మీద నర్సింగ్ వెంట పరుగుతీస్తే, మొదట్లో అతని వీపు చుక్కలా కనిపించేది. పోనుపోను అతని చొక్కా మీది చెమట మరక ఆకారం కూడా చెప్పగలిగేంత దగ్గరికి వచ్చింది. ర్యాలీ కూడా దగ్గరికి వచ్చింది.

అప్పుడొక పొద్దున ఎడమకాలి నొప్పి మేలుకొలిపింది.

మామూలేననుకుంది. పోయి మట్టి తిప్పింది. కాస్త ఒళ్లు వేడెక్కితే జరుగుతుందిలే అనుకుంది. జరగలేదు. తిప్పినకొద్దీ పెరిగింది. గుంత అంచున కూర్చుని, మోకాలి కింద ముందరి ఎముక మీద అరచెయ్యి వేసింది. అరచేతికి ఏమీ తెలియలేదు. వేలు మాత్రం దానంతట అదే కిందికి పాకి ఒకచోట ఆగింది. చింతగింజంత చోటు. నొక్కితే కళ్లలో నీళ్లు తిరిగాయి.

పెనం తగిలినట్టు వేలు తీసేసింది. చుట్టూ చూసింది. ఎవరూ గమనించలేదు.

లోపల వాదన మొదలైంది. ఒక పక్షం లేచి గట్టిగా మాట్లాడింది. ర్యాలీ నెత్తిమీద ఉంది, ఇప్పుడు ఆపితే సంపాదించుకున్న దమ్మంతా పోతుంది, మళ్లీ అవకాశం రాదు, ఒక్క బస్కీ తగ్గించినా ఊకోనని నలుగురి ముందు అన్నది నువ్వే, నర్సింగ్ నవ్వుతాడు, ఇక ఈ తాలీంలోకి ఇంకో ఆడపిల్లను రానివ్వరు. రెండో పక్షం దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. ఒక వేలుంది.

"మేడమ్! వంతెన దాకా పోదామా?" అని వాకిట్లోంచి నర్సింగ్ కేకేశాడు.

సబిత బూట్ల లేసులు బిగించింది. లేచింది. వాకిలి వైపు రెండడుగులు వేసింది.

తర్వాత పక్కకు తిరిగి, ఉస్తాద్ దగ్గరికి పోయి, ఆయన ముందు నేలమీద కూర్చుంది. ట్రాక్ ప్యాంటు పైకి లాగింది. వేలు పెట్టింది.

నర్సింగ్ లోపలికి వచ్చాడు. "అగో! ర్యాలీ దగ్గరకొచ్చేసరికి కాలు గుర్తుకొచ్చిందా? మాకన్న ఒక్క బస్కీ తక్కువ తియ్యనన్నదెవరో? నేనైతే..."

ఆమె వేలు చూశాడు. అతని చెయ్యి తన మోకాలి పట్టీ మీదికి పోయింది.

ఉస్తాద్ వంగి ఆమె బూటు మీద చెయ్యి వేశాడు. సబిత కాలు వెనక్కి లాక్కుంది. "అయ్యో, వద్దు ఉస్తాద్, మీరు నా కాళ్లు..."

"ఉండు."

ముసలి వేళ్లతో లేసులు విప్పాడు. ఒక బూటు తీశాడు, రెండోది తీశాడు. రెంటినీ కలిపి ముడేసి, గోడ కొయ్యకు తగిలించాడు.

"ఆటో పిలుస్త. దవాఖానల చూపిద్దాం. అందాక నడువకు."

"ర్యాలీకి అందుకుంటనా ఉస్తాద్?"

"తెల్వదు బేటీ."

ఈసారి సబితకు వాదించడానికి ఎదుట ఎవరూ లేరు.

ఉస్తాద్ ఆటో కోసం కదల్లేదు. ఇంకో కొయ్య ఖాళీగా ఉంది. ఆయన నర్సింగ్ వైపు చెయ్యి చాపాడు.

"నీ బూట్లు."

"నాకేమైంది ఉస్తాద్?" అని నర్సింగ్ నవ్వబోయాడు.

చాపిన చెయ్యి అలాగే ఉంది.

నర్సింగ్ బయట రోడ్డు వైపు చూశాడు. కొయ్యకు వేలాడుతున్న సబిత బూట్లను చూశాడు. వచ్చి ఆమె పక్కన కూలబడి, బూట్లు విప్పి ఇచ్చాడు. తర్వాత మోకాలి పట్టీ మెల్లగా కిందికి దించాడు. దాని కింద చర్మం వెలుతురు సోకక తెల్లగా పాలిపోయి ఉంది.

"ఏడ నొస్తుందన్నా?" అని అడిగింది సబిత.

నర్సింగ్ అరచెయ్యి మోకాలి మీద పెట్టాడు. ఆ తర్వాత చెయ్యి ఎత్తి, నాలుగు వేళ్లు ముడిచి, మిగిలిన ఒక్క వేలినీ ఒకచోట ఆనించాడు.

"ఈడ."