ముద్దాయి వానా, హాజరు!

ఒక పట్టణంలో ఋతువుల మీద విచారణ జరిగేది. జ్వరాలు ముదిరిన ఏడాది, వాటికి ఏ ఋతువు కారణమో తేల్చి దాన్ని దోషిగా ప్రకటించడం అక్కడి ఆచారం. సభామందిరంలో పట్టణాధికారి ఎత్తు కుర్చీలో కూర్చునేవాడు. బంట్రోతు తలపాగా సర్దుకుని, కిటికీలోంచి ఆకాశంలోకి మూడుసార్లు కేక పెట్టేవాడు. ముద్దాయి ఎప్పుడూ రాలేదు. రాలేదు కాబట్టి నేరం ఒప్పుకున్నట్టే రాసుకునేవారు.

ఆ పట్టణంలో గరిటె పట్టుకుని ఇంటింటికీ తిరిగే ఒక ఆడమనిషి ఉండేది. అందరూ ఆమెని గరిటె మనిషి అనేవారు. పొడుగు కాడ ఉన్న తెల్ల గరిటెతో తొట్లలో, డ్రమ్ముల్లో, పూలకుండీల కింది పళ్లేల్లో నీళ్లు ముంచి చూడడం ఆమె పని. ఆ నీళ్లలో తోకాడించే పిల్లపురుగులు కనిపిస్తే అక్కడికక్కడే ఒంపేసేది. వారానికోసారి నీళ్లు ఒంపేస్తే ఆ పురుగు దోమ అవ్వదు. ఇంత చిన్న ముక్క చెప్పి చెప్పి ఆమె నోరు నొప్పెట్టింది గాని, వినేవాళ్లు తక్కువ.

ఆమెకి ఒక్కతే కూతురు, పైడి. పదేళ్ల పిల్ల. సభామందిరం గోడని ఆనుకున్న బడిలో చదువుకునేది. వానలు బాగా పడిన ఏడు పైడికి ఒళ్లు విరిచేసే జ్వరం వచ్చింది. పదకొండు రోజులకి లేచి కూర్చుంది. వైద్యుడు తల్లిని పక్కకి పిలిచాడు.

"ఈసారికి గట్టెక్కింది. ఈ జ్వరం రెండోసారి వస్తే మొదటిదానికంటే ప్రమాదం. పిల్లని దోమ కుట్టకుండా చూసుకో అమ్మా" అన్నాడు.

ఆ మాట విన్న రోజు నుంచి ఆమెకి కంటి మీద కునుకు లేదు.

ఆ ఏడు ముద్దాయి వాన. బంట్రోతు కిటికీ దగ్గర నిలబడి, "ముద్దాయి వానా, హాజరు!" అని మూడుసార్లు అరిచాడు. సాక్ష్యానికి గరిటె మనిషిని పిలిచారు.

"వాన వల్లే కదా దోమలు?" అని అడిగాడు అధికారి.

"వాన నీళ్లు పోసి పోతుంది బాబూ. ఆ నీళ్లు నిలిచేది మనం నిలవనిచ్చిన చోట. జోరు వానయితే కాలవలో పురుగుని ఊడ్చుకుపోతుంది కూడా. పూడిపోయిన కాలవలు తీయించండి. మేడల మీద ట్యాంకులకి మూతలు వేయించండి."

"అడిగినదానికి జవాబు చెప్పు. నీళ్లు పోసింది ఎవరు?"

"వానే బాబూ."

"రాసుకో" అన్నాడు అధికారి గుమస్తాతో.

వానకి పట్టణ బహిష్కారం విధించారు. చప్పట్లు కొట్టి, చేతులు దులుపుకుని, ఎవరిళ్లకి వాళ్లు పోయారు. ఒక్క కాలవ తీసిన పాపాన పోలేదు. ఒక్క ట్యాంకుకి మూత పడలేదు. జ్వరపడ్డ పిల్లలున్న ఇళ్ల వాళ్లు కూడా ఆ చప్పట్లలో ఉన్నారు, అదీ ఒళ్లు మండే సంగతి.

తీర్పు విందో, తన దారిన తాను పోయిందో గాని, మరుసటి ఏడు వాన రాలేదు. తీర్పు పనిచేసిందని అధికారికి దండలు వేశారు. కుళాయి మొదట వారానికోసారి, తర్వాత పది రోజులకోసారి వచ్చింది. జనం డ్రమ్ములు, బిందెలు, గంగాళాలు, చివరికి పసిపిల్లల స్నానాల టబ్బులు కూడా నింపి మంచాల కింద దాచుకున్నారు. ఆ వేడికి పురుగు ఇంకా తొందరగా ఎదిగింది. నిరుడు వీధిలో పుట్టిన దోమ ఈ ఏడు ఇంట్లోనే పుట్టింది.

గరిటె మనిషి గడప తొక్కితే ఇల్లాళ్లు విరుచుకుపడేవారు. "పారబోస్తే మళ్లీ నువ్వు మోసుకొచ్చి పోస్తావా?"

వాళ్ల కోపంలో న్యాయం ఉందని ఆమెకి తెలుసు. "పారబోయకండమ్మా, గుడ్డ కప్పి గట్టిగా కట్టండి చాలు" అని గడ్డం పట్టుకుని బతిమాలేది. పైడికి మోచేతులు దాటే చేతులున్న గౌను కుట్టించింది. కాళ్లకి వేపనూనె రాసి బడికి పంపేది. తన ఇంట్లో చెంచాడు నీళ్లు కూడా మూత లేకుండా ఉండనిచ్చేది కాదు.

ఆ ఏడు ముద్దాయి ఎండ. మళ్లీ ఆమెనే సాక్ష్యానికి పిలిచారు. బయట నిప్పులు చెరుగుతోంది గాని సభలో చల్లగా ఉంది. అధికారి కుర్చీ వెనక, ఎత్తు బల్ల మీద పెద్ద కూలర్ తిరుగుతోంది. ఆ కూలర్ పక్కన కిటికీ ఉంది. కిటికీ అవతల బడి. ఊచల మధ్య నుంచి గరిటె మనిషికి పైడి జడ కనిపించింది.

ఆమె ఎవరినీ అడగలేదు. నేరుగా వెళ్లి కూలర్ తలుపు తీసి గరిటె ముంచింది. గరిటె నిండా పురుగులే. తీసుకొచ్చి అధికారి ముందు పెట్టింది.

"ఎండని వదిలేయండి బాబూ. ఇది ఒంపించండి. ఆ గోడ పక్కన నా బిడ్డ కూర్చుంటుంది."

అధికారి గరిటెలోకి చూడలేదు. ఆమెనే చూశాడు.

"ఇది ఎవరి కూలర్ అనుకున్నావ్? నీ గరిటె లోపలికి వచ్చేదాకా ఈ సభలో పురుగన్నది లేదు."

గుమస్తా అదే రాసుకున్నాడు. ఎండ దోషి అన్నారు. గరిటెని జప్తు చేసి, కాడకి లక్క సీలు వేసి, సభామందిరం అరుగు చూరు కింద మేకుకి బిగించారు. దాని దొప్ప పైకి తిరిగి ఉంది. గరిటె లేని మనిషికి పనేముందని ఆమెని కొలువులోంచి తీసేశారు. కూలర్ తిరుగుతూనే ఉంది.

మర్నాటి నుంచి ఆమె పైడిని బడికి పంపలేదు. అప్పటికే కుట్టాల్సిన దోమ కుట్టింది. నాలుగో రోజు పిల్ల ఒళ్లు కాలింది. పదో రోజు పైడి చనిపోయింది.

నెల తిరిగాక, చావు నమోదు కాగితం మీద వేలిముద్ర వేసి పొమ్మని సభ నుంచి కబురొచ్చింది. రెండు వారాలుగా వాన పడుతోంది. బహిష్కారం సంగతి ఎవరికీ గుర్తులేదు. ఆమె తడుస్తూ అరుగు ఎక్కింది. చూరు నీళ్లు కారి, మేకుకి బిగించిన గరిటె నిండి ఉంది. అందులో పురుగులు తోకలాడిస్తున్నాయి.

లోపల అధికారి ఎదుట గుమస్తా కాగితం పరిచాడు. పేరు అన్నచోట 'ఒక బాలిక' అని ఉంది. కారణం అన్నచోట గుండ్రటి అక్షరాలతో 'ఎండ' అని ఉంది. సిరా ఇంకా ఆరలేదు.

ఆమె వెనక్కి తిరిగి అరుగు మీదకి వెళ్లింది. కాపలావాడు "సీలుంది, ముట్టుకోకు" అన్నాడు. ఆమె సీలుతో సహా గరిటెని పెరికింది. ఒక్క చుక్క తొణక్కుండా లోపలికి తెచ్చి, ఆ కాగితం మీద బోర్లించింది. ఎండ అన్న మాట కరిగి కారిపోయింది. ఆ తడిలో పురుగులు మెలికలు తిరిగాయి.

"దాని పేరు పైడి" అంది. "కారణం ఇప్పుడు చదవండి."

అధికారి కాగితంలోకి చూడలేదు. కిటికీ బయట కురుస్తున్న వానని చూశాడు.

"బంట్రోతూ, ముద్దాయిని పిలు" అన్నాడు.

బంట్రోతు కిటికీ దాకా వెళ్లాడు. నోరు తెరిచాడు. ఊచల అవతల పైడి కూర్చునే చోట ఇంకో పిల్ల కూర్చుని, కాలు గోక్కుంటోంది.

అతను నోరు మూసుకున్నాడు. తలపాగా తీసి పక్కన పెట్టి, కూలర్ అడుగున నీళ్లు వదిలే బిరడా లాగాడు.