మొగుడి పేరు చెప్పని నాంచారమ్మ

అనగా అనగా ఒక ఊళ్ళో నాంచారమ్మని ఒకావిడ ఉండేది. ఆవిడ మొగుడు బసవపున్నయ్య. ఆ రోజుల్లో ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలకకూడదనేవారు. అందుకని పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ ఆయన్ని 'ఏమండీ' అనే పిలిచేది. నవ్వకు, నేనూ మీ తాతయ్యని అంతేగా.

నాంచారమ్మకి ముట్లుడిగాయి. అంటే నెలనెలా వచ్చేది ఆగిపోయిందన్నమాట. ఒంట్లో ఒకటే సెగలు, కంటికి నిద్ర లేదు. అప్పుడు పులుసులో ఉప్పు రెండుసార్లు వేసింది. ఆ తర్వాత పొయ్యి మీద పాలు మరిచిపోయింది. "నన్ను కాస్త నిద్రపోనివ్వండి, అదే సర్దుకుంటుంది" అంది. ఎవరు విన్నారు గనక.

అప్పుడు ఊళ్ళోకి పొడులమ్మే అతనొచ్చాడు, కళ్ళజోడూ అతనూ. అన్నీ ఆకులూ గింజలేనట, తింటే జ్ఞాపకశక్తి లేచొస్తుందట. ఇంట్లోవాళ్ళు నాంచారమ్మని చూపిస్తే, ముందు పరీక్ష చేస్తానన్నాడు.

"ఇవాళ ఏ వారమమ్మా?" అన్నాడు. చెప్పింది. "రాత్రి ఏం కూర వండారు?" అన్నాడు. అదీ చెప్పింది. "మీవారి పేరేమిటి?" అన్నాడు. నాంచారమ్మ తల వంచుకుని ఊరుకుంది.

"చూశారా, కట్టుకున్నాయన పేరే గుర్తు లేదు" అన్నాడు.

పక్కనే నిలబడ్డ ఆ మహానుభావుడికి నోరు పెగలొద్దూ? మా ఆవిడ నా పేరు పలకదయ్యా అని ఒక్క మాట అనొచ్చుగా. పైగా మొహం మాడ్చుకుని, "నా పేరే మరిచిపోయావా" అన్నాడు. నాకైతే ఒళ్ళు మండిపోతుంది.

ఆ తర్వాత పొద్దున పాలల్లో సరస్వతి ఆకు పొడి, మధ్యాహ్నం మజ్జిగలో అవిసె గింజల పొడి, సాయంత్రం ఇంకేదో పచ్చ పొడి. ఆకుల్ని నేనేమీ అనను, పాపం వాటి తప్పేముంది. నీకు కావాలా అని ఆవిణ్ణి ఒక్కళ్ళయినా అడిగారా? కోడలు పోపులపెట్టె తీసేసుకుంది. కొడుకు బీరువా తాళాలు తీసేసుకున్నాడు.

అప్పుడు కూతురు పురిటికొచ్చి ఆడపిల్లని కంది. ఆ ఇంట్లో పుట్టిన బిడ్డలందరికీ కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసింది నాంచారమ్మే. ఈ బిడ్డకీ పోయాలని నూనె కాచి, సున్నిపిండి జల్లించి పెట్టుకుంది. తీరా స్నానం వేళకి బసవపున్నయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"నా పేరే గుర్తు లేనిదానివి. బిడ్డని కాళ్ళ మీద వేసుకుని ఏ పరధ్యానంలోనో పడితే? నువ్వొద్దు" అన్నాడు.

నాంచారమ్మ కొంగు నడుముకి దోపుకుంది. ఆయన కళ్ళలోకి చూసింది.

"బసవపున్నయ్య గారూ, పక్కకి జరగండి. నా మనవరాలికి నీళ్ళు పోయాలి" అంది.

ఆయన జరిగాడు. జరగక ఛస్తాడా. బిడ్డ వేణ్ణీళ్ళకి ఒళ్ళిచ్చేసి ఆవిడ కాళ్ళ మీదే నిద్రపోయింది.

ఆ తర్వాత కూడా ఒక్కోసారి ఉప్పు మరిచిపోయేది. మరిచిపోతే వాళ్ళే వేసుకు తిన్నారు, చేతులున్నాయిగా.

మీ తాతయ్య పేరా? రేపు పొద్దున కాఫీ వేళకి గట్టిగా పిలుస్తాను, విను.

కథేమో కంచికెళ్ళింది, పొడి డబ్బా అటకెక్కింది,
పాప అమ్మమ్మ ఒళ్ళోకొచ్చింది, నిద్ర మన కళ్ళకొచ్చింది.