పొయ్యి లేని రాజభవనం

నీలాద్రికోట రాజు పృథ్వీధరుడికి ఆ పొద్దున రెండు బాధలు. ఎడమకాలి బొటనవేలు గుమ్మడిపిందెలా వాచింది. ఇంట్లో నిలవ అయిపోయి, ద్రాక్షసారా తాగి వారమైంది. మొదటిది వైద్యుడు చూసుకుంటాడు. రెండోదాని కోసం కొలువులో చట్టాలు రాసే లింగసానిని పిలిపించాడు.

“చట్టం చదువు,” అన్నాడు.

లింగసాని తాటాకు అందుకుంది. నెల కిందట తనే రాసిన ఆకు.

“ద్రాక్షసారాను ఏ ఇంటి గడపకూ మోసుకుపోరాదు. కావలసినవారు తమ కాళ్ళ మీద నడిచి దుకాణానికి వచ్చి, ముఖం చూపించి తీసుకోవాలి. ఎంతటివారి ఇల్లైనా సరే. తప్పితే ఆ ఇంటి యజమానికి సగం మీసం గొరిగించాలి.”

“ఆ ‘ఎంతటివారి ఇల్లైనా సరే’ ఎవరు పెట్టమన్నారు?”

లింగసాని ఆ మాటను వేలితో కప్పేసింది. సుంకాల మంత్రి తిప్పయామాత్యుడు చెప్పింది చెప్పినట్టు రాసి ఊరుకుని ఉండొచ్చు. కానీ వాక్యం చివర కాస్త బరువు తగ్గిందనిపించి, ఆ మాట తనే చేర్చింది. చేర్చి, మూడుసార్లు చదువుకుని మురిసిపోయింది కూడా. వడ్లకొట్టులో దంపుళ్ళ మధ్య బస్తాల మీది గుర్తులు చూసి అక్షరాలు నేర్చుకున్న మనిషి. గురువంటూ ఒకడుంటే, నెత్తిన ఒకటి మొట్టి ఆ మాట కొట్టేయించి ఉండేవాడు.

“చట్టం మార్చేద్దామా?” అన్నాడు రాజు.

“నెలకే మారిస్తే ఊరు నవ్వుతుంది ప్రభూ,” అన్నాడు తిప్పయామాత్యుడు, మీసం దువ్వుకుంటూ. ఊరికంతటికీ ఉన్న ఆ ఒక్క దుకాణం ఆయన బావమరిదిది. కొండ మీది ద్రాక్షతోట పోలయ్య అంతకుముందు కావడి వేసుకుని ఇంటింటికీ తాజాగా తెచ్చిచ్చేవాడు. ఇప్పుడది దుకాణంలో పడి పులిసిపోతోంది.

రాజు లింగసాని వైపు తిరిగాడు. “మార్చను. తప్పను. నడవలేను. రేపు భోజనాల వేళకి పోలయ్య కుండ నా ముందుండాలి. లేదా గంటం ఇక్కడ పెట్టి వడ్లకొట్టుకి నడువు.”

“రోకలి నేనే ఇప్పిస్తానమ్మా,” అన్నాడు తిప్పయామాత్యుడు. “కొత్తది.”

లింగసాని గదికొచ్చి ఆలోచించింది. ఊళ్ళో అందరూ ఆమెను తెలివిగలదంటారు. ఆ తెలివి ఎంతో ఆమెకే తెలుసు. మొదట తట్టిన ఉపాయం, కుండను గోడ మీంచి విసరడం. రెండోది, రాజుగారికి కొత్త బొటనవేలు.

రాజుగారి వంటలక్క అక్కమ్మ రోజూలాగే గిన్నెలో అన్నం తెచ్చింది.

“ఇంకా పొయ్యి పెట్టలేదుటే?”

“పెట్టానక్కా. రెండుసార్లు. రెండోసారి చూరంటుకుంది.”

“అందుకే నిన్ను ఇళ్ళ లెక్కలో రాయలేదు. పోయినేడు లెక్కలాయన ఏమన్నాడు?”

“‘పొయ్యి లేదా? అయితే ఇది ఇల్లు కాదమ్మా’ అన్నాడు.” ఆ మాటకి లింగసాని మూడు రోజులు ఏడ్చింది. ఇప్పుడు ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. “అక్కా, రేపు రాజుగారి వంటింట్లో పొయ్యిలన్నీ ఆర్పేస్తావా?”

“పస్తుంటారే అందరూ.”

“ఒక్క పూటే అక్కా.”

అంతటితో నోరు మూసుకుంటే ఆమె లింగసాని ఎందుకవుతుంది? తన ఉపాయం తనకే ముద్దొచ్చి, బావి దగ్గర ముగ్గురికి చెప్పుకుంది.

మర్నాడు రాజభవనం మీద పొగ లేదు. కొలువంతా కడుపు పట్టుకు కూర్చుంది. మధ్యాహ్నానికి పోలయ్య కావడితో సింహద్వారం దాటి కొలువులోకి వచ్చాడు.

తిప్పయామాత్యుడు ఎదురొచ్చాడు. “ఆగు. ఇది ఇల్లు. చట్టం తప్పుతున్నావు.”

“ఇళ్ళ లెక్క మీ ముద్రతోనే ఉందండీ,” అంది లింగసాని. “పొయ్యి వెలిగితేనే ఇల్లని అందులో ఉంది. ఇక్కడ పొద్దుటి నుంచి పొయ్యి లేదు.”

తిప్పయామాత్యుడు తాపీగా నవ్వాడు. “నీ ఉపాయం నిన్ననే బావి దగ్గర నుంచి నా చెవిన పడిందమ్మా. వెనక వంటింట్లోకి వెళ్ళి చూడు. ఇందాకటి నుంచి పొయ్యి భగభగా మండుతోంది.”

లింగసానికి బావీ, ఆ ముగ్గురూ, తన నోరూ వరసగా గుర్తొచ్చాయి. రోకలి బరువు అప్పుడే భుజం మీదికి వచ్చినట్టనిపించింది. ఏదో ఒకటి అనాలి కదా అని అడిగింది.

“ఎవరు వెలిగించారండీ?”

“నేనే. వంటవాళ్ళెవరూ ముందుకి రాకపోతే, స్వయంగా ఈ చేతులతో.” మసి అంటిన చేతులు సభకి చూపించాడు.

ఆ మసి చూడగానే లింగసానికి ఇళ్ళ లెక్కలో రెండో వాక్యం గుర్తొచ్చింది. నలభై ఊళ్ళకి నలభైసార్లు ఎత్తి రాసింది. రాస్తున్నప్పుడల్లా చెయ్యి నొప్పని తిట్టుకుంది.

“వంటవాళ్ళు కాక పొయ్యి ఎవరు వెలిగిస్తే ఇంటికి వారే యజమాని అని కూడా ఉందండీ అందులో.”

సభలో ఎవరిదో ఖాళీ కడుపు గురగుర్లాడింది. రాజు నెమ్మదిగా తల తిప్పాడు.

“అంటే తిప్పయామాత్యా, ఇవాళ్టి నుంచి నేను మీ ఇంట్లో ఉంటున్నానా?”

“అబ్బే, అది పొయ్యేమిటి ప్రభూ. ఊరికే నాలుగు పుల్లలు.”

“పొయ్యి కాకపోతే ఇది ఇల్లు కాదు, కుండ దించొచ్చు. పొయ్యే అయితే ఇల్లు మీది, గొరిగే మీసమూ మీదే,” అన్నాడు రాజు.

తిప్పయామాత్యుడి చెయ్యి దానంతటదే మీసం మీదికి పోయింది. సగం మీసానికి మసి అంటుకుంది.

“పుల్లలే ప్రభూ,” అన్నాడు. “ఒట్టి పుల్లలు.”

రాజు పగలబడి నవ్వి, నవ్వులో కాలు నేలకి తగిలి కెవ్వుమని, మళ్ళీ నవ్వాడు. పోలయ్య కుండ దించాడు. రాజు ఒక గుక్క తాగి, చేతి కంకణం తీసి లింగసాని ముందు పెట్టాడు.

“గంటం నీదే. రాసుకో. మంత్రిగారి మాట ప్రకారం, నాలుగు పుల్లలు పేర్చి వెలిగించినంత మాత్రాన అది పొయ్యి కాదు. పోలయ్య అలాంటి గడపలన్నిటికీ నిరభ్యంతరంగా కుండ చేర్చవచ్చు.”

ఊళ్ళో ప్రతి ఇంటా అలాంటి పొయ్యే. పోలయ్య అప్పుడే కావడి భుజానికెత్తుకున్నాడు.

లింగసాని ఈసారి చెప్పింది చెప్పినట్టే రాసింది. ఒక్క మాట ఎక్కువ రాయకుండా పళ్ళు బిగబట్టి గంటం ఎత్తేసింది.

“చివర బరువు తగ్గింది,” అన్నాడు రాజు. “ఆ మాట చేర్చు.”

“ఏ మాట ప్రభూ?”

“ఎంతటివారి పొయ్యైనా సరే.”

ఆకలి మీదున్న కొలువంతా గొల్లున నవ్వింది.