మారని ముందు ఇరుసు

“సిగ్గుండాలి నూకరాజూ. చేతికి పనొచ్చింది గానీ నోటికింకా రాలేదు నీకు. పాన కింద పెట్టు. ఆ జీపు ఈ గేటు దాటడానికి వీల్లేదు.”

దాలినాయుడు మేస్త్రి అరిచే మనిషి కాదు. ఘాటు రోడ్డు మొదట్లో ఉన్న ఆయన షెడ్డులో పని నేర్చుకుని వెళ్ళినవాళ్ళు చాలామంది ఉన్నారు; ఆయన గొంతు లేవగా విన్నవాళ్ళు మాత్రం తక్కువ. నూకరాజు పాన కింద పెట్టి నిలబడ్డాడు. అతనేమీ నిన్నగాక మొన్న చేరిన కుర్రాడు కాదు. ఇద్దరు బిడ్డల తండ్రి. వచ్చే దసరాకి సొంత షెడ్డు తెరుచుకోబోతున్నవాడు. అంతటివాణ్ణి పట్టుకుని అంత మాట ఎందుకనవలసి వచ్చిందో చెప్పాలి.

జీపు ఒక కాఫీ షావుకారుది. కొండ దారుల కోసం పెద్ద టైర్లు వేయించాడు. టైరు పెద్దదైతే చక్రం ఒక్క చుట్టులో ఎక్కువ నేల దాటుతుంది, ఆ మేరకు ఇంజను మీద బరువు పడుతుంది. అందుకని ఇరుసు మధ్యలో ఉండి చక్రాలను తిప్పే గేరు పళ్ళ జతను కూడా టైరుకి తగినట్టు మార్చాలి. నాలుగు చక్రాలూ లాగే జీపుకి ఇరుసులు రెండు. ముందు దానిలోనూ వెనక దానిలోనూ పళ్ళ లెక్క ఒకటే అయి ఉండాలి. లేకపోతే ఒకే కాడికి కట్టిన రెండెడ్లు తలొక నడక నడిచినట్టవుతుంది. నూకరాజు వెనక ఇరుసులో పళ్ళు మార్చాడు. ముందు ఇరుసుకి కావలసిన జత విశాఖపట్నం నుంచి ఇంకా రాలేదు. ముందు చక్రాలు రోజూ లాగేవి కావు. బురదలోనో, నిలువు ఎక్కుడులోనో డ్రైవరు లివరు వేస్తేనే లాగుతాయి. షావుకారు తొందరపెడుతున్నాడు. నూకరాజు ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా బండి ఇచ్చేయబోయాడు.

“మేస్త్రీ, పార్శిలు వచ్చే వారం వస్తుంది,” అన్నాడు. “వచ్చిన రోజే ఏదో వంక చెప్పి బండి పిలిపిస్తాను. ముందుది కూడా మార్చేస్తాను. తరవాత సరిచేస్తే తప్పు పోయినట్టే కదా? ఇందులో ఎవరికి నష్టం?”

అడిగిన ప్రశ్నకి అవుననో కాదనో చెప్పే అలవాటు దాలినాయుడికి లేదు. ఆయన చేతులు గుడ్డతో తుడుచుకుని, అరిగిన టైరు ఒకటి లాక్కుని కూర్చుని, పోలారావు సంగతి ఎత్తుకున్నాడు.

పోలారావు, దాలినాయుడు ఒకే గురువు దగ్గర పని నేర్చుకున్నారు. ఇద్దరిలో పోలారావే నేర్పరి. ఇంజను చప్పుడు విని రోగం చెప్పేవాడు. పని చెడగొట్టాడన్న మాట పడని మనిషి. ఆ మాట పడకూడదన్నదే అతని ఆశా, భయమూ కూడా. అతని దగ్గరికి సత్తిరాజు అనే మిరియాల వ్యాపారి ఇలాగే జీపు తెచ్చి పెద్ద టైర్లు వేయమన్నాడు. అప్పుడూ ఇలాగే వెనక ఇరుసు పళ్ళు దొరికాయి, ముందువి దొరకలేదు.

“రేపు సంత మేస్త్రీ,” అని సత్తిరాజు షెడ్డులో కూర్చుని లేవలేదు. “బండి కదలకపోతే నా మిరియాలు కొండ మీదే బూజు పట్టిపోతాయి. ఎవరో అన్నారు, పోలారావు చేతిలో పెడితే అయిపోయినట్టేనని. మరి అయిపోయిందా లేదా?”

ఇంకా కాలేదు అనడానికి పోలారావుకి నోరు రాలేదు. “అయిపోయింది,” అన్నాడు.

ఆ జీపు నడిపేవాడు దొంబు. కొండ మీద తోటలబంద అనే ఊరు అతనిది. ఆ ఊళ్ళో మొట్టమొదట స్టీరింగు పట్టిన మనిషి. సంత రోజున అతను హారను కొడితే ఊరు ఊరంతా బుట్టలు ఎత్తుకుని వచ్చేది. “ఒరే దొంబూ, మా గుమ్మంలో ఆ బూర ఊదకు, నా కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి,” అని ఒక ముసలమ్మ తిట్టేది. తిట్టి, అందరికంటే ముందు ఎక్కి అతని పక్కనే కూర్చునేది. వేరేవాడు నడిపితే ఆ ఊరి ఆడవాళ్ళు జీపు ఎక్కేవారు కాదు. ఆ మనిషికి ఉన్న ఆస్తి అదే.

జీపు తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు దొంబు దాని చుట్టూ తిరిగి మురిసిపోయాడు. “ఏనుగు కాళ్ళు తొడిగావు మేస్త్రీ! మరి వానల్లో ఫోర్ వీలు లివరు వేసుకోవచ్చా?”

పోలారావు బోల్టు బిగిస్తున్నవాడల్లా ఒక్క క్షణం ఆగాడు. “ఈ టైర్లకి దాని అవసరమే రాదు. బేగి వెళ్ళు, సత్తిరాజు ఎదురుచూస్తున్నాడు.”

అది అబద్ధం కాదు. నిజమూ కాదు. వేయొద్దు అని ఒక్క మాట చెబితే, ఎందుకని అడుగుతాడు. అడిగితే పని సగమే అయిందని ఒప్పుకోవాలి. కప్పిపుచ్చుకోవడానికి మనిషి ఎప్పుడూ పెద్ద అబద్ధమే ఆడనక్కర్లేదు. చెప్పవలసిన మాట ఒకటి మింగితే చాలు.

ముందు ఇరుసు పళ్ళ పార్శిలు తరవాత వచ్చింది. పోలారావు విప్పకుండానే అటక మీద పెట్టాడు. జీపు చక్కగా తిరుగుతోంది. సత్తిరాజు నలుగురిలో మెచ్చుకుంటున్నాడు. ఇప్పుడు బండి పిలిపిస్తే ఏమని చెప్పాలి? ఈ సంత అయ్యాక చూద్దాం అనుకున్నాడు. సంత వెళ్ళి సంత వచ్చింది. అటక వైపు చూడడం మానేశాడు గానీ, అక్కడేముందో మరిచిపోలేకపోయాడు. ఈలోగా వానలు పట్టుకున్నాయి.

వానల్లో ఒకనాడు తోటలబందలో కొసాయి అనే ఆమెకి పురిటి నొప్పులు వచ్చాయి. దొంబు ఆమెను జీపులో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి బయలుదేరాడు. దారిలో గెడ్డ, అంటే కొండవాగు, దాటాలి. నీళ్ళు తగ్గాయి గానీ బురద మిగిలింది. దొంబు లివరు వేశాడు. బురదలో చక్రాలు ఎలాగూ జారుతాయి కాబట్టి ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ ఉన్న తగవు పైకి రాలేదు. జీపు గెడ్డ దాటింది. అవతలి గట్టున ఎక్కుడు. అక్కడ నేలంతా రాయి. రాయి చక్రాన్ని జారనివ్వదు. ముందు చక్రాలు ఒక వేగం అడిగాయి, వెనక చక్రాలు ఇంకో వేగం అడిగాయి. స్టీరింగు చేతుల్లో కొట్టుకుంది. దొంబు లివరు వెనక్కి తీయబోయాడు, అది బిగుసుకుపోయింది. ఎండు దుంగ పగిలినట్టు చప్పుడైంది. బండి ఆగిపోయింది.

వెంట వచ్చిన మగవాళ్ళు కర్రకి దుప్పటి కట్టి కొసాయిని మోశారు. రోడ్డు దాకా మోయలేకపోయారు. వానలో, ఒక బండ చాటున ఆమె ప్రసవించింది. తల్లీ బిడ్డా బతికారు. అది వాళ్ళ అదృష్టం. అందులో పోలారావు చేసిన మంచి ఏమీ లేదు.

జీపును లాగించుకుని సత్తిరాజు పోలారావు షెడ్డుకి వచ్చాడు. వెనకాల దొంబు, ఊరివాళ్ళు. “వీడేం చేశాడో నువ్వే చెప్పు మేస్త్రీ,” అన్నాడు సత్తిరాజు. “నిండు మనిషిని ఎక్కించుకుని నడిదారిలో ఆపేశాడు.”

దొంబు ముందుకు వచ్చాడు. అతని రెండు మణికట్లూ వాచి ఉన్నాయి. పోలారావు కళ్ళలోకి చూశాడు. ఆ చూపులో అనుమానం లేదు. పెద్ద డాక్టరు దగ్గర రోగి నిలబడ్డట్టు నిలబడ్డాడు. “నేనే రాయి మీద లివరు తప్పుగా లాగేశానేమో మేస్త్రీ?”

కాదు అనడానికి పోలారావుకి రెండక్షరాలు చాలు. అందరూ వింటున్నారు.

“అయ్యుంటుంది,” అన్నాడు.

ఆ తరవాత పోలారావు ఆ జీపుకి చేసిన పని లాంటి పని ఆ ప్రాంతంలో ఎవరూ చేయలేదు. పగిలిందంతా మార్చాడు. అటక మీది పార్శిలు దింపి ముందు ఇరుసులో కొత్త పళ్ళు కూర్చోబెట్టాడు. పాత పళ్ళు ఇనప సామాను వాడికి వేసేశాడు. రెండు ఇరుసులూ ఇప్పుడు ఒకే లెక్కలో ఉన్నాయి. నూకరాజు అడిగినట్టే, తప్పు సరిచేశాడు. ఎవరికీ తెలియలేదు.

సత్తిరాజు స్టీరింగు ఇంకొకడికి ఇచ్చాడు. తోటలబంద ఆడవాళ్ళు దొంబుని ఏమీ అనలేదు. అతను కనబడితే మాట ఆపేవాళ్ళు. కోళ్ళ ముసలమ్మ కూడా తిట్టడం మానేసింది. ఇంకో జీపువాడు జాలిపడి పిలిస్తే దొంబు వెళ్ళి సీట్లో కూర్చున్నాడు, స్టీరింగు ముట్టుకోకుండానే దిగిపోయాడు. సంతలో బస్తాలు మోయడం మొదలుపెట్టాడు. పోలారావు సంతకి వెళ్ళినప్పుడల్లా బస్తా కింద వంగిన ఆ వీపు కనబడేది. కనబడిన ప్రతిసారీ దొంబు బరువుతోనే ఆగి, “బాగున్నావా మేస్త్రీ?” అని పలకరించేవాడు.

ఇక పోలారావు వల్ల కాలేదు. ఒక సంత రోజున సత్తిరాజు కొట్టు ముందు, ఊరివాళ్ళందరూ ఉండగా, దొంబుని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నిలబెట్టి జరిగిందంతా చెప్పాడు. ముందు ఇరుసు మార్చలేదని, మార్చానని చెప్పానని, దొంబు తప్పు ఆవగింజంత కూడా లేదని.

సత్తిరాజు నవ్వాడు. “నీది వెన్నలాంటి మనసు మేస్త్రీ. వీడికి మళ్ళీ బండి ఇప్పించడానికి నీ నెత్తిన వేసుకుంటున్నావు. సరే, నిజమే అయితే చూపించు.”

చూపించడానికి ఏముంది? జీపు అక్కడే ఉంది. ఇరుసులు విప్పితే ముందూ వెనకా పళ్ళు ఒకటే. పాతవి ఏ కొలిమిలో కరిగాయో తెలియదు. తన మంచి పనితోనే దొంబుకి ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ తుడిచేశానని పోలారావుకి అప్పుడు అర్థమైంది. అతను ఒట్టు పెట్టుకున్నాడు. పెట్టుకున్నకొద్దీ జనం కళ్ళలో గౌరవం పెరిగింది. కడపటి ఆశగా దొంబు వైపు తిరిగాడు.

దొంబు కళ్ళ నిండా నీళ్ళు. రెండు చేతులూ జోడించాడు. “నా కోసం అబద్ధమాడకు మేస్త్రీ. నీకు పాపం చుట్టుకుంటుంది. లాగింది ఈ చేతులే, నాకు తెలీదేటి?”

దాలినాయుడు అంతవరకు చెప్పి ఆగాడు. గేటు దగ్గర కాఫీ షావుకారు కారు ఆగింది. “నూకరాజూ, బండి తీసుకెళ్ళొచ్చా?” అని కేక వినిపించింది. నూకరాజు జీపు వైపు చూశాడు. దాని కొత్త టైర్లు నల్లగా మెరుస్తున్నాయి. అతను పాన తీసి పెట్టెలో పెట్టేశాడు.

“వస్తున్నానండి. బండి ఇంకా కాలేదు, ఎందుకో వచ్చి చెప్తాను,” అని గట్టిగా అన్నాడు. రెండడుగులు వేసి మళ్ళీ ఆగాడు. “మేస్త్రీ, తరవాత దొంబు ఏమయ్యాడు?”

“బస్తాలే మోస్తున్నాడు. పనసకాయల కాలం వస్తే ఊళ్ళోకెల్లా మంచి పండు ఎత్తుకుని కొండ దిగి పోలారావు ఇంటికి వస్తాడు. తన వైపు మాట్లాడిన మనిషి లోకంలో ఆయనొక్కడేనట.”

“ఆయన ఆ పండు ముట్టుకుంటాడా?”

“తింటాడు,” అన్నాడు దాలినాయుడు. “దొంబు ఎదురుగా కూర్చుని చూస్తుంటాడు కదా.”